నడుం కొలత కథ

మనిషి ఆరోగ్యాన్ని తెలుసుకోవడానికి డాక్టర్లు ఎన్నో పరికరాలు వాడతారు. వాటిలో అన్నిటికన్నా చౌకైనది దర్జీ మెడలో వేలాడే కొలత టేపు. దాని విలువ తెలియడానికి వైద్యశాస్త్రానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. ఆ కథ తెలుసుకోవాలంటే ముందు పుదుచ్చేరి గురించి ఒక విషయం చెప్పుకోవాలి.

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో, చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ శాస్త్రజ్ఞులు దేశవ్యాప్తంగా ఒక పెద్ద సర్వే నిర్వహించారు. 2008 నుంచి 2020 వరకు సాగిన ఈ సర్వేలో 31 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలకు చెందిన 1,13,043 మంది పాల్గొన్నారు. అందరూ ఇరవై ఏళ్లు నిండినవారే. వారి రక్తంలో చక్కెర, కొవ్వు, రక్తపోటు, బరువు, నడుం చుట్టుకొలత పరీక్షించారు. 2023లో ఫలితాలు వెలువడ్డాయి. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్నవారు దేశం మొత్తం మీద 39.5 శాతం ఉండగా, పుదుచ్చేరిలో 61.2 శాతం ఉన్నారు. దేశంలో ఇదే అత్యధికం. మధుమేహంలో 26.4 శాతంతో గోవా మొదటి స్థానంలో ఉంటే, 26.3 శాతంతో పుదుచ్చేరి దాని వెంటే ఉంది.

మధుమేహం జబ్బు కాబట్టి దాన్ని లెక్కించడంలో అర్థం ఉంది. మరి బొజ్జను ఎందుకు లెక్కించినట్టు? మన పెద్దలు బొజ్జను కలిమికి గుర్తుగా చూశారు. అది కాస్తా గుండెజబ్బుకు గుర్తుగా ఎలా మారింది?

తూకం రాజ్యమేలిన రోజులు

లావుకూ మరణానికీ సంబంధం ఉందని మొదట గట్టిగా పట్టించుకున్నది జీవిత బీమా కంపెనీలు. పాలసీదారు త్వరగా చనిపోతే నష్టం వాటికే గదా! 1942-43 ప్రాంతంలో అమెరికాలోని మెట్రోపాలిటన్ లైఫ్ కంపెనీ ఏ ఎత్తుకు ఎంత బరువు ఉండాలో చెప్పే పట్టికలు తయారుచేసింది. డాక్టర్లు కూడా చాలాకాలం వాటినే అనుసరించారు.

అంతకు నూరేళ్ల ముందే బెల్జియం గణిత శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ కెతలే ఇంకో సంగతి గమనించాడు. పెద్దవారిలో బరువు సుమారుగా ఎత్తు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. అందుచేత కిలోగ్రాముల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే పొట్టివారినీ పొడుగువారినీ పోల్చగల సంఖ్య వస్తుంది. అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ 1972లో దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. ఈనాడు ఆస్పత్రుల్లో వినే బి.ఎం.ఐ. ఇదే.

ఈ సంఖ్య ఉపయోగకరమైనదే గాని దీనికొక లోపం ఉంది. కుస్తీ పట్టే యువకుడికీ, కుర్చీలో కూర్చుని పనిచేసే బొజ్జ ఉద్యోగికీ బి.ఎం.ఐ. ఒకటే కావచ్చు. బరువు ఎంతో తూకం చెబుతుంది. ఆ బరువు కండరానిదా కొవ్వుదా, కొవ్వుదైతే శరీరంలో ఎక్కడ ఉన్నదనేది చెప్పదు.

విడివిడి ముక్కలు

ఇంకోవైపు కొందరు వైద్యులు వేరే దారిలో ఆలోచిస్తున్నారు. 1923లో స్వీడన్ వైద్యుడు ఎస్కిల్ కీలిన్ అధిక రక్తపోటు, రక్తంలో అధిక చక్కెర, కీళ్లవాతానికి దారితీసే యూరిక్ ఆమ్లం, ఈ మూడూ తరచు ఒకే రోగిలో కనబడుతున్నాయని రాశాడు.

1936లో లండన్‌లో హెరాల్డ్ హిమ్స్‌వర్త్ ఒక చక్కని ప్రయోగం చేశాడు. మధుమేహ రోగులకు గ్లూకోజు తాగించి, అదే సమయంలో ఇన్సులిన్ సూది ఇచ్చాడు. కొందరిలో చక్కెర పెరగకుండా అదుపులో ఉంది. మరికొందరిలో ఇన్సులిన్ ఇచ్చినా చక్కెర పెరిగిపోయింది. అంటే మధుమేహం రెండు రకాలన్నమాట. ఒక రకంలో ఇన్సులిన్ కరవు. రెండో రకంలో ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టినా కణాలు తలుపు తీయవు. 1960లో అమెరికాలో రోజలిన్ యాలో, సాల్మన్ బెర్సన్ తాము కనిపెట్టిన కొత్త పద్ధతితో రక్తంలోని ఇన్సులిన్‌ను కొలిచారు. పెద్ద వయసులో మధుమేహం వచ్చిన చాలామందిలో ఇన్సులిన్ తక్కువగా లేకపోగా ఎక్కువగా ఉంది! హిమ్స్‌వర్త్ ఊహకు ఇది బలం చేకూర్చింది.

ముక్కలు ఒక్కొక్కటే దొరుకుతున్నాయి. వాటిని కలిపే దారం మాత్రం ఇంకా చిక్కలేదు.

మార్సే డాక్టరు

ఆ దారాన్ని ఫ్రాన్సులోని మార్సే రేవు పట్టణంలో ఒక డాక్టరు చూశాడు. ఆయన పేరు ఝాన్ వాగ్. లావుగా ఉన్నవారందరూ ఒకే తీరున జబ్బు పడటం లేదని ఆయన గమనించాడు. కొందరిలో కొవ్వు మెడ, భుజాలు, పొట్ట దగ్గర చేరుతుంది. కొందరిలో తుంటి, తొడల దగ్గర చేరుతుంది. మొదటి రకం మగవారిలో ఎక్కువ, రెండో రకం ఆడవారిలో ఎక్కువ. అయితే ఆడవారిలోనూ మొదటి రకం వారుంటారు. వాగ్ చేతులు, తొడల చుట్టుకొలతలనూ, అక్కడి చర్మం మడత మందాన్నీ కొలిచి వాటి నిష్పత్తి లెక్కగట్టాడు. 1947లో ఫ్రెంచి వైద్య పత్రికలో వ్యాసం ప్రచురించాడు. 1956లో అమెరికా పత్రికలో ఇంగ్లీషులోనూ రాశాడు. మధుమేహం, రక్తనాళాలు గట్టిపడటం, కీళ్లవాతం మొదటి రకం లావుకే ఎక్కువగా తోడవుతున్నాయన్నది ఆయన వాదన.

1947లో పుదుచ్చేరి ఇంకా ఫ్రెంచివారి ఏలుబడిలోనే ఉంది. 1954లో గాని అది భారతదేశంలో కలవలేదు. ఫ్రెంచి ప్రభుత్వం పందొమ్మిదో శతాబ్దంలోనే అక్కడ ఒక వైద్య పాఠశాల నెలకొల్పింది. ఈనాటి జిప్‌మర్ తన చరిత్రను ఆ పాఠశాలతోనే మొదలుపెట్టి చెప్పుకుంటుంది. వాగ్ వ్యాసం అచ్చయిన భాషే ఆనాడు ఆ పట్టణపు పాలనా భాష. బొజ్జ ప్రమాదకరమని మొదట స్పష్టంగా చెప్పిన భాష ఏలిన నేలే, డెబ్బై ఆరేళ్ల తర్వాత బొజ్జల లెక్కలో మన దేశంలో మొదటి స్థానంలో నిలిచింది.

వాగ్ మాటను ఆనాడు లోకం అంతగా పట్టించుకోలేదు. అందుకు కారణం ఊహించవచ్చు. 1947లో ఫ్రాన్సులో రొట్టె ఇంకా రేషన్ మీదే ఇస్తున్నారు. మన దేశం నాలుగేళ్ల క్రితమే బెంగాల్ కరవును చవిచూసింది. ఆకలి రాజ్యమేలే కాలంలో బొజ్జ గురించి ఎవరు ఆలోచిస్తారు?

టేపు పట్టిన స్వీడన్

దాదాపు నలభై ఏళ్ల తర్వాత వాగ్ ఊహకు రుజువు దొరికింది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరంలో 1913లో పుట్టిన 792 మంది మగవారికి 54వ ఏట వైద్య పరీక్షలు చేసి, నడుం, తుంటి కొలతలు తీసుకున్నారు. తర్వాత 13 ఏళ్లపాటు వారిలో ఎవరికి గుండెజబ్బు, పక్షవాతం వచ్చాయో గమనిస్తూ వచ్చారు. 1984లో ఫలితాలు అచ్చయ్యాయి. బి.ఎం.ఐ.కి, ఈ జబ్బులకు చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. నడుం కొలతను తుంటి కొలతతో భాగిస్తే వచ్చే నిష్పత్తికి మాత్రం సంబంధం కనబడింది. అదే ఏడాది, అదే నగరంలో 1,462 మంది స్త్రీలపై జరిగిన అధ్యయనమూ ఇదే చెప్పింది.

దాదాపు అదే సమయంలో జపాన్‌లోని ఒసాకా శాస్త్రజ్ఞులు సి.టి. స్కాన్‌తో పొట్ట లోపలికి తొంగిచూశారు. అక్కడ కొవ్వు రెండు చోట్ల ఉంటుంది. చర్మం కింద ఒక పొర, లోపల పేగుల చుట్టూ మరొకటి. రెండోది ఎక్కువగా ఉన్నవారిలోనే చక్కెర, కొవ్వుల తేడాలు అధికమని వారు కనుగొన్నారు.

పేగుల చుట్టూ ఉన్న కొవ్వు ఎందుకంత చెరుపు చేస్తుంది? అక్కడి రక్తం ఒక ప్రత్యేక సిర ద్వారా నేరుగా కాలేయానికి చేరుతుంది. ఆ కొవ్వు కణాలు తేలిగ్గా కొవ్వు ఆమ్లాలను విడుదల చేస్తాయి. కాలేయం మీద ఆ భారం పడితే అది ఇన్సులిన్ మాట సరిగా వినదు. అవసరం లేకపోయినా చక్కెర తయారుచేస్తుంది, ట్రైగ్లిజరైడ్లను రక్తంలోకి వదులుతుంది. ఈ వివరణకు తోడు మరో విషయం తర్వాత బయటపడింది. కొవ్వు ఉత్త నిల్వ సరుకు కాదు. 1994లో లెప్టిన్ అనే హార్మోన్‌ను కొవ్వు కణాల్లో కనుగొన్నాక, కొవ్వు కూడా గ్రంథిలా పనిచేస్తుందని తేలింది. పొట్టలోని కొవ్వు పెరిగినప్పుడు అది వదిలే పదార్థాలు ఒంట్లో సన్నని మంటలా రగిలే వాపును రేపుతాయి. రక్తనాళాలు గట్టిపడటంలో ఆ వాపుకూ పాత్ర ఉంది.

పేరు పెట్టడం, లెక్క తేల్చడం

1988లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరాల్డ్ రీవెన్ ఒక ప్రసిద్ధ ఉపన్యాసంలో ఈ ముక్కలన్నిటినీ కలిపారు. ఇన్సులిన్ మాట కణాలు వినకపోవడం, చక్కెర పెరగడం, రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు పెరిగి మంచి కొలెస్టరాల్ తగ్గడం, వీటి కూటమికి సిండ్రోమ్ ఎక్స్ అని పేరు పెట్టారు. విచిత్రమేమిటంటే ఆ జాబితాలో ఆయన లావును చేర్చలేదు. లావుగా లేనివారిలోనూ ఈ కూటమి కనబడుతుందన్నది ఆయన వాదన. మరుసటి ఏడాది నార్మన్ కాప్లన్ అనే మరో అమెరికన్ వైద్యుడు ప్రాణాంతకమైన నాలుగింటి గురించి రాస్తూ, పొట్ట లావును జాబితాలో మొదట చేర్చారు. 1990ల చివరలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెటబాలిక్ సిండ్రోమ్ అనే పేరుతో దీనికి నిర్వచనం ఇచ్చింది.

2009లో పలు అంతర్జాతీయ సంస్థలు కలిసి ఒప్పుకున్న నిర్వచనం ఇది. ఐదు అంశాలుంటాయి: నడుం కొలత హద్దు దాటడం; ట్రైగ్లిజరైడ్లు 150 మిల్లీగ్రాములు, ఆపైన; మంచి కొలెస్టరాల్ మగవారిలో 40, ఆడవారిలో 50 మిల్లీగ్రాములకు తక్కువ; రక్తపోటు 130/85, ఆపైన; పరగడుపున చక్కెర 100 మిల్లీగ్రాములు, ఆపైన. రక్తంలో కొలిచేవి డెసిలీటరుకు లెక్క. వీటిలో ఏ మూడు ఉన్నా మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నట్టే. ఒక్కొక్కటిగా చూస్తే డాక్టరు కూడా పెద్దగా కంగారుపడని అంకెలివి. ప్రమాదమల్లా అవి జట్టు కట్టడంలో ఉంది.

ఆ జట్టు ఎంత చేటు చేస్తుందో 2002లో ఫిన్లాండ్ అధ్యయనం చూపింది. కువోపియో ప్రాంతంలో మొదట గుండెజబ్బు, మధుమేహం లేని 1,209 మంది నడివయసు మగవారిని సుమారు 11 ఏళ్లు గమనించారు. మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నవారిలో, ఏ నిర్వచనం వాడారన్న దాన్నిబట్టి, గుండెజబ్బుతో మరణించే ప్రమాదం సుమారు మూడు నుంచి నాలుగు రెట్లు ఎక్కువగా తేలింది. 2004, 2005 సంవత్సరాల్లో 52 దేశాల వారితో జరిపిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం, గుండెపోటును ముందుగా పసిగట్టడంలో బి.ఎం.ఐ. కంటే నడుం-తుంటి నిష్పత్తే మెరుగని చెప్పింది.

ఎవరి ఒంటికి ఎవరి కొలత?

ఇక్కడొక చిక్కు వచ్చింది. 2001లో అమెరికా నిపుణులు పెట్టిన హద్దు మగవారికి 102, ఆడవారికి 88 సెంటీమీటర్లు. ఆ కొలత మనకు సరిపోతుందా?

లండన్‌లోని సౌథాల్ పేటలో భారత ఉపఖండం నుంచి వలస వెళ్లినవారు ఎక్కువ. పాల్ మెకిగ్, మైకేల్ మార్మట్ మొదలైనవారు 1991లో అక్కడి ఫలితాలు ప్రకటించారు. దక్షిణాసియా వారిలో 19 శాతం మందికి మధుమేహం ఉండగా, ఐరోపా సంతతివారిలో 4 శాతం మందికే ఉంది. పొట్ట దగ్గర కొవ్వు, రక్తంలో ఇన్సులిన్ కూడా మనవారిలోనే ఎక్కువ. మొత్తం బరువులో తేడా మాత్రం అంతగా లేదు.

పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ దీన్ని ఒక ఫొటోతో అందరికీ అర్థమయ్యేలా చేశారు. 2004లో ఆయన తన బ్రిటిష్ మిత్రుడు జాన్ యడ్‌కిన్‌తో కలిసి తీయించుకున్న ఫొటోను లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. కాని శరీరంలో కొవ్వు యడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! పైకి సన్నం, లోపల కొవ్వు. పుణెలో పుట్టిన పిల్లలను ఇంగ్లండ్ పిల్లలతో పోల్చినప్పుడూ ఆయనకు ఇదే కనబడింది. సగటు బరువు పుణెలో 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లో 3.5 కిలోలు. మన పిల్లల్లో కండ బాగా తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. కడుపులో ఉండగా తల్లికి చాలీచాలని తిండి దొరికితే ఆ లోటు కండ మీద పడుతుందనీ, పెద్దయ్యాక తిండి పెరిగితే కొవ్వు పొట్టలో చేరుతుందనీ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

ఈ భావనకు మన తెలుగు పల్లెలు ఒక సాక్ష్యం ఇచ్చాయి. 1987-90లో హైదరాబాదు దగ్గరి కొన్ని గ్రామాల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు రోజూ అదనంగా ఉప్మా పెట్టారు. పక్క గ్రామాల్లో ఆ పథకం ఇంకా మొదలుకాలేదు. పదిహేనేళ్ల తర్వాత హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ఆ పిల్లలను వెతికి పరీక్షించారు. 2008లో ఫలితాలు వచ్చాయి. ఉప్మా అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగ్గా ఉన్నారు. ఇన్సులిన్‌కు ఒళ్లు లొంగకపోవడం వారిలో సుమారు 20 శాతం తక్కువ. రక్తనాళాల బిరుసు కూడా తక్కువే. అంటే గుండెజబ్బు నివారణ తల్లి కంచం దగ్గరే మొదలవుతుందన్నమాట.

ఇవన్నీ చూశాక నిపుణులు దక్షిణాసియావారికి హద్దును మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లకు తగ్గించారు. 2005లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య, 2009లో మన దేశ నిపుణులు ఇదే అంగీకరించారు. పుదుచ్చేరిలో 61.2 శాతం అన్న లెక్క ఈ కొలతతో వచ్చిందే.

గుండెజబ్బు పట్నాలకే పరిమితమని అనుకోకండి. పుదుచ్చేరి పాలనలోని యానాం, గోదావరి ఒడ్డున ఉన్న తెలుగు ఊరు. ఆ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో ఆరోగ్య కార్యకర్తలు చనిపోయినవారి ఇళ్లకు వెళ్లి, వారి లక్షణాలు అడిగి, మరణ కారణాలు నమోదు చేశారు. ఏడాదిలో జరిగిన 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే. అంటువ్యాధులను అవి ఎప్పుడో దాటిపోయాయి. ఇందులో పొగాకు, ఉప్పు, రక్తపోటు పాత్ర కూడా ఉంది. నేరమంతా బొజ్జ మీదే మోపలేం.

తెగని వాదం

మెటబాలిక్ సిండ్రోమ్ నిజంగా ఒక జబ్బేనా? 2005లో అమెరికా, ఐరోపా మధుమేహ సంఘాలు ఈ ప్రశ్న వేశాయి. ఐదింటిలో మూడే ఎందుకు? ముప్ఫై ఏళ్లవాడి ప్రమాదం, అరవై ఏళ్లవాడి ప్రమాదం ఒకటేనా? వయసు, పొగ తాగే అలవాటు ఈ జాబితాలో ఎందుకు లేవు? మొత్తం కూటమి పేరు చెప్పడం వల్ల, విడివిడి అంశాలు చెప్పేదాని కంటే ఎక్కువ ఏమి తెలుస్తుంది? రీవెన్ కూడా రోగనిర్ధారణగా దీని ఉపయోగాన్ని శంకించారు. ఈ అభ్యంతరాలు బలమైనవే. పేరుపై వాదం ఉన్నా, పొట్టలోని కొవ్వు గుండెకు చేటన్న దానిపై పెద్ద వివాదం లేదు.

పుదుచ్చేరి ఎందుకు ముందుంది? 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ప్రాంతంలో 68 శాతం మంది పట్టణవాసులు. జాతీయ సర్వేలో పొట్ట లావు పల్లెల కంటే పట్టణాల్లోనే ఎక్కువ. అయితే పట్టణాలు దేశమంతటా ఉన్నాయి కాబట్టి ఇది పూర్తి సమాధానం కాదు. తిండి సంగతి మాత్రం దేశమంతటికీ వర్తిస్తుంది. అదే సర్వే ఆధారంగా 2025లో వెలువడిన వ్యాసం ప్రకారం, మన దేశంలో తిండి ద్వారా వచ్చే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. వాటిలో ఎక్కువ భాగం తెల్ల బియ్యం, మర పట్టిన ధాన్యం, చక్కెర. అందులో కొంత తగ్గించి పప్పులు, పాల వంటి మాంసకృత్తులు పెంచితే మేలని పరిశోధకుల సూచన.

పుదుచ్చేరి సముద్రపు ఒడ్డున సాయంత్రం నుంచి ఉదయం వరకు వాహనాలు రానివ్వరు. ఆ వేళల్లో ఊరివాళ్లు అక్కడ నడుస్తుంటారు. నడకతో తూకం తగ్గకపోయినా పొట్టలోని కొవ్వు తగ్గవచ్చని అధ్యయనాలు చూపాయి. కాని నడవడానికి చోటు ఉండాలి. మన ఊళ్లలో కాలిబాటలు ఎన్ని మిగిలాయో మీరే చూడండి.

ఒక పని చేయండి. మీ ఇంట్లో పెద్దల నడుం కొలవండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన, బొడ్డు ఎక్కడున్నా సరే, టేపును నేలకు సమాంతరంగా చుట్టాలి. బిగించకూడదు. మామూలుగా గాలి వదిలాక కొలత చదవాలి. 90, 80 దాటితే వెక్కిరించకండి, భయపెట్టకండి. రక్తపోటు, చక్కెర, కొవ్వు ఒకసారి చూపించుకోమని చెప్పండి. మీ సొంత కొలతకు ఈ అంకెలు వర్తించవు, ఎదిగే వయసు పిల్లలకు లెక్కలు వేరు. వాగ్ చెప్పిన మాట లోకానికి చేరడానికి నలభై ఏళ్లు పట్టింది. మీ వీధిలో చేరడానికి ఒక ఆదివారం చాలు.